ఏటి వెంట ఏడు రోజులు

ధవళేశ్వరం దాటగానే గోదావరి రెండుగా చీలుతుంది. తూర్పు పాయ గౌతమి, పడమటి పాయ వశిష్ఠ. ఈ రెంటి నడుమ, దక్షిణాన బంగాళాఖాతం హద్దుగా, మూడు వైపులా నీళ్లున్న ముక్కోణపు నేల కోనసీమ. వశిష్ఠ నుంచి వైనతేయ అనే పాయ మళ్లీ విడివడి, ఆ నేలను ఇంకోసారి కోసి, ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది. వైనతేయకు తూర్పున అమలాపురం, పడమట రాజోలు, ఎగువన కొత్తపేట. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా ఇది జిల్లా అయింది. ఆ ఏడాదే డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా అన్న పేరు స్థిరపడింది. గౌతమికి అవతల ఉన్న రామచంద్రపురం, ద్రాక్షారామం కూడా కొత్త జిల్లాలో చేరాయి గానీ, జనం నోట కోనసీమ అంటే ఇప్పటికీ ఏటికి ఇవతలి నేలే.

ఈ నేలను చూడ్డానికి వచ్చేవాళ్లలో చాలామంది ఒక్క రోజు పెట్టుకుని వస్తారు. తెల్లవారుజామున రాజమహేంద్రవరంలో కారెక్కి వాడపల్లి, ర్యాలి, అయినవిల్లి, అప్పనపల్లి, అంతర్వేది వరసగా దర్శించుకుని రాత్రి భోజనం వేళకు వెనక్కి చేరతారు. దర్శనాలు దక్కుతాయి, పుణ్యమూ దక్కుతుంది. దారి పొడవునా తోడొచ్చిన ఆ కాలువ ఎక్కడ పుట్టింది, ఏటిని దాటి అవతలి లంకకు ఎలా చేరింది, రోడ్డు పక్కన ఆ కొబ్బరి రాశులు ఎవరి కోసం పోశారు, పంటు అనే బల్లకట్టు మీద బళ్లెక్కించుకుని జనం ఎటు పోతున్నారు, ఇవన్నీ కారు అద్దాల అవతలే ఉండిపోతాయి. కోనసీమకు వారం కావాలి. ఆ వారాన్ని ఎగువన ఆనకట్ట దగ్గర మొదలుపెట్టి దిగువన సంగమం దగ్గర ముగిసేలా, నీటి వరసలో అమర్చుకుంటే చూసిన ప్రతి చోటూ ముందు చూసిన చోటుతో కలుస్తుంది. గుళ్లు కూడా ఆ దారిలోనే వస్తాయి.

పూట చూపు నీళ్ల మధ్య ఊళ్లకు ఎంత చేటో ఇటలీలో వెనిస్‌ను చూస్తే తెలుస్తుంది. ఉప్పునీటి కయ్యలో వందకు పైగా చిన్న దీవుల మీద నిలిచిన నగరమది. పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్ల తాకిడి తట్టుకోలేక, 2024 ఏప్రిల్ 25 నుంచి రద్దీ రోజుల్లో అలాంటివాళ్ల దగ్గర తలకు 5 యూరోల ప్రవేశ రుసుము తీసుకోవడం మొదలుపెట్టారు. రాత్రి బస చేసేవాళ్లకు ఆ రుసుము లేదు. పాత నగరంలో కాపురముండేవాళ్లు అప్పటికే 50 వేల లోపుకు పడిపోయారు. వారం ఉండేవాళ్లు అక్కడ నీటి బస్సుకు ఏడు రోజుల టికెట్టు కొనుక్కుని, బస కదపకుండా రోజుకో దీవి చూసి వస్తారు. కోనసీమకు కూడా దాదాపు ఆ పద్ధతే నప్పుతుంది.

నెల ఎంచుకోవడం

ఎప్పుడు వెళ్లాలన్నది గోదావరి నీటిమట్టాన్ని బట్టి ఉంటుంది. జూన్‌లో కాలువలకు నీళ్లు వదులుతారు. జూలై నుంచి సెప్టెంబరు దాకా వరదల కాలం. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది జారీ చేస్తారు. 1986 ఆగస్టులో ఇక్కడి నుంచి 35 లక్షల క్యూసెక్కుల వరద దిగువకు పోయింది. 2022 జూలైలో వచ్చినది 25 లక్షలు దాటింది. హెచ్చరికలు మొదలయ్యాయంటే లంక గ్రామాలకు పోయే కాజ్‌వేలు ఒక్కొక్కటే మునుగుతాయి, రేవుల్లో పంటులు ఆగిపోతాయి. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే అన్నిటికంటే ముందు మునిగేవాటిలో ఒకటి. ఆ రోజుల్లో లంకవాళ్లు బడికీ, ఆసుపత్రికీ, పాల కేంద్రానికీ పడవల మీదే తిరుగుతారు. వాళ్ల అవస్థ చూడ్డానికి ప్రయాణం పెట్టుకోకూడదు.

పులస కోసం వచ్చేవాళ్లు మాత్రం ఈ ఎర్రనీటి రోజుల్లోనే రావాలి. గుడ్లు పెట్టడానికి సముద్రం వదిలి వరదకు ఎదురీదుతూ ఏట్లోకి వచ్చే ఈ చేప ఒక్కొక్కటి వేల రూపాయలు పలుకుతుంది. దొరికేవి తగ్గిపోయి, ఒడిశా వైపు నుంచి వచ్చిన చేపను పులసగా అమ్మడమూ ఉంది కాబట్టి, స్థానికంగా తెలిసినవాళ్ల చేత కొనిపించుకోవడం మేలు. పులుసు పెట్టిన రోజు కంటే మర్నాడే రుచి అని ఇక్కడి ఇళ్లలో అనుభవం మీద చెప్పే మాట.

అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. 1996 నవంబరు 6 రాత్రి విరుచుకుపడ్డ తుపాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది, లక్షల కొబ్బరి చెట్లను నేలకూల్చింది. కొబ్బరి తోట మళ్లీ కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది గనక, ఆ రాత్రి దెబ్బ ఒక తరం బతుకును మార్చేసింది. వాతావరణ కేంద్రం మాట వినకుండా ఆ రెండు నెలల్లో తీరానికి టికెట్లు తీసుకోవడం తగదు. ఏప్రిల్, మే నెలల్లో మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు. ముంజెలు, మామిడిపళ్లు దొరుకుతాయి గానీ కాలువలు అడుగు కనిపిస్తుంటాయి, ఉక్కపోత ఊపిరాడనివ్వదు.

అన్ని విధాలా అనువైనది నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా. అందులోనూ కనుమ రోజు కలిసొచ్చేలా చూసుకున్నవాళ్లకు జగ్గన్నతోట ప్రభల తీర్థం దొరుకుతుంది. అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర ఉన్న జగ్గన్నతోటలో గుడి లేదు. ఉన్నది కొబ్బరి తోట. చుట్టుపక్కల పదకొండు ఊళ్ల శివుళ్లు, ఏకాదశ రుద్రులు, ఆ రోజు ప్రభల మీద వచ్చి అక్కడ కొలువుతీరతారు. వ్యాఘ్రేశ్వరం స్వామి ఆ కొలువుకు పెద్ద. వెదురు కట్టి, రంగురంగుల గుడ్డలు చుట్టి, గంటలు వేలాడదీసిన ఎత్తైన ప్రభలను మనుషులే భుజాల మీద మోస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు దారిలో ఎగువ కౌశిక కాలువ దాటాలి. మోసేవాళ్లు గుండెలోతు నీళ్లలో దిగి, ప్రభ ఒరగకుండా తాళ్లతో నిలబెట్టుకుంటూ అవతలి గట్టెక్కిస్తారు. పచ్చని చేలల్లోంచి ప్రభ సాగిపోతే పైరు తొక్కుడుపడిందని ఏ రైతూ అడ్డుపడడు. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ తీర్థాన్నే దేశానికి చూపించింది. సంక్రాంతికి ఊరి పిల్లలందరూ హైదరాబాదు నుంచీ, విదేశాల నుంచీ ఇళ్లకు చేరతారు, లాడ్జీలు నెలల ముందే నిండుతాయి. కాబట్టి కనుమకు రాదలచినవాళ్లు దసరా నాటికే బస ఖాయం చేసుకోవాలి.

బస, బండి

కోనసీమలోకి ఇప్పటికీ రైలు లేదు. కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం 2000–01లో మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడింటి మీదా వంతెనలు కట్టాల్సిన పని అది, ఏళ్ల తరబడి సాగుతూనే ఉంది. రైల్లో వచ్చేవాళ్లు రాజమహేంద్రవరం, కాకినాడ, పాలకొల్లు, నరసాపురం స్టేషన్లలో ఎక్కడైనా దిగి రోడ్డెక్కాలి. విమానంలో వచ్చేవాళ్లకు రాజమహేంద్రవరం దగ్గరి మధురపూడి. రాజమహేంద్రవరం నుంచి రావులపాలెం మీదుగా అయినా, కాకినాడ నుంచి యానాం మీదుగా అయినా అమలాపురం దాదాపు 65 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి రాత్రి బస్సులు నేరుగా అమలాపురం, రాజోలు వస్తాయి.

వారానికి రెండు బసలు చాలు. మొదటి ఐదు రాత్రులు అమలాపురంలో ఉంటే ఎగువ ఊళ్లూ, తూర్పు ఊళ్లూ గంట, గంటన్నర దూరంలోనే ఉంటాయి. తర్వాత వైనతేయ దాటి, చివరి రాత్రి రాజోలు వైపు, వశిష్ఠ ఒడ్డున దిండిలో గడపొచ్చు. అక్కడ పర్యాటక శాఖ రిసార్టు ఉంది, హౌస్‌బోట్లు కూడా నడుస్తాయి. పడవలో రాత్రి గడపడం బాగుంటుంది గానీ, దాని కోసమే కోనసీమ వచ్చి వెళ్లిపోయేవాళ్లు కేరళను ఊహించుకుని వస్తున్నారు. ఇక్కడి నీటి సొగసు కాలువ గట్ల మీదా రేవుల్లోనూ ఎక్కువ.

తిరగడానికి ఆర్టీసీ పల్లెవెలుగు బస్సులు, షేర్ ఆటోలు సరిపోతాయి. అమలాపురం, రాజోలు, రావులపాలెంలలో డిపోలున్నాయి. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకం కింద రాష్ట్రానికి చెందిన మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు, గుర్తింపు కార్డు ఉంటే చాలు. లంకలు, రేవులు చూసే రోజుల్లో అద్దె బైకు గానీ, రోజంతటికీ మాట్లాడుకున్న ఆటో గానీ కారు కంటే నయం. కారు నిలిపే చోటు లేని ఇరుకు గట్లే అక్కడ ఎక్కువ.

ఆనకట్ట నుంచి లాకుల దాకా

మొదటి రోజు ధవళేశ్వరంలో మొదలవ్వాలి. 1847లో పని మొదలై 1852లో పూర్తయిన ఆర్థర్ కాటన్ ఆనకట్ట ఈ వారమంతా కళ్లబడేవాటికి మూలం. దానికి ముందు ఈ డెల్టా వరదకు మునిగేది, లేదంటే కరువుకు మాడేది. ఏటికి అడ్డంగా ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా కట్టారు. మధ్యలో లంకలే ఆ నాలుగింటినీ కలుపుతాయి. పాత ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీ 20వ శతాబ్దంలో వచ్చింది. కాటన్ మ్యూజియంలో నమూనాలూ, పాత పనిముట్లూ చూసి బ్యారేజీ మీద నడిస్తే కట్టడం బుర్రకెక్కుతుంది. కాటన్ కింద పనిచేసి, కూలీలను కూడగట్టి పని నడిపించిన వీణెం వీరన్న పేరు కూడా ఇక్కడ తలుచుకోదగినది.

బ్యారేజీ దారిలో వచ్చే ఊరు బొబ్బర్లంక. మధ్య డెల్టాకు నీళ్లిచ్చే ప్రధాన కాలువ అక్కడే మొదలవుతుంది. దాని గట్టు వెంటే రోడ్డు ఆత్రేయపురం పోతుంది. కాలువ కొంత దూరం సాగి లొల్ల లాకుల దగ్గర శాఖలవుతుంది. ఒకటి అమలాపురం వైపు, ఒకటి గన్నవరం వైపు పోతాయి. చెట్ల నీడ, లాకుల మీద నుంచి దూకే నీటి హోరు సినిమావాళ్లను ఎప్పటి నుంచో రప్పిస్తున్నాయి. చూడ్డానికొచ్చినవాళ్లు ఒక్క నిమిషం ఆగి తలుపుల వరస గమనిస్తే, ఒక ఊరి నీళ్లు, ఇంకో ఊరి నీళ్లు ఇక్కడే వేరవుతున్నాయని అర్థమవుతుంది.

ఆత్రేయపురంలో పూతరేకుల పని పొద్దున్నే చూడాలి. జయ బియ్యం నానబెట్టి, మెత్తగా రుబ్బి, పల్చగా జారేలా కలుపుతారు. బోర్లించిన ప్రత్యేకమైన కుండకు ఒక పక్క పొయ్యి నోరుంటుంది. అందులోకి ఎండు కొబ్బరాకు మంట పెడుతూ ఉంటారు. కుండ అడుగు కాగాక, పిండిలో ముంచిన తెల్లటి గుడ్డను రెండు చేతులా చాపి ఆ కుండ మీదుగా ఒక్క లాగు లాగుతారు. గుడ్డ ఇటు వచ్చేలోపే అటు రేకు ఆరిపోతుంది. అంచు పట్టుకుని ఎత్తితే వెనకున్న వేళ్లు కనిపిస్తాయి. మంట ఒక పిసరు ఎక్కువైతే రేకు మాడుతుంది, తక్కువైతే ఊడిరాదు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఆ సెగ ముందు కూర్చునేది ఎక్కువగా ఆడవాళ్లే. నెయ్యి, పంచదార పొడి లేదా బెల్లం తురుము చల్లి మడతపెట్టే పని ఇంకొకరు చేస్తారు. 2023లో ఆత్రేయపురం పూతరేకుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాన్ని సాధించిన తయారీదారుల సంఘం తన పేరులో ఆర్థర్ కాటన్ పేరునూ పెట్టుకుంది. అట్టపెట్టె దుకాణాల్లో కంటే చేసే ఇంటి దగ్గర కొంటే ఆ కష్టానికి దక్కేది కాస్త ఎక్కువుంటుంది.

రెండో రోజు కొత్తపేట చుట్టుపక్కల. ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి విగ్రహం ఒకే రాయి. ముందు వైపు విష్ణువు, వెనక వైపు మోహిని. అర్చకులు దీపం పట్టి వెనక జడ మడతలు, నడుము నగలు చూపిస్తారు. శిల్పాన్ని ప్రేమించేవాళ్లు తొందరపడకుండా నిలబడాల్సిన చోటు. పలివెలలో ఉమా కొప్పేశ్వరుడు, మందపల్లిలో శనీశ్వరుడు దగ్గర్లోనే ఉన్నారు. శనిత్రయోదశి నాడు మందపల్లిలో తైలాభిషేకాలకు జనం క్యూ కడతారు. వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాల మొక్కు ఉండటంతో శనివారాల్లో ఆ దారంతా స్తంభిస్తుంది. మొక్కు లేనివాళ్లు మిగతా రోజుల్లో వెళ్తే దర్శనం తేలిక. పొద్దున్నే రావులపాలెం అరటి యార్డుకు వెళ్లగలిగితే కర్పూరం, చక్కెరకేళి, అమృతపాణి, బొంత గెలలు లంకల నుంచి సైకిళ్ల మీదా ఆటోల మీదా వచ్చి దిగడం చూడొచ్చు.

గన్నవరం: ఏటి మీద కాలువ

మూడో రోజు మొత్తం పి.గన్నవరానికి ఇవ్వొచ్చు. ఆనకట్టతో అమలాపురం వైపు నీళ్లు వచ్చాయి గానీ, వైనతేయకు అవతలున్న రాజోలు లంకకు అందలేదు. ఆ నేలను అప్పట్లో నగరం లంక అనేవాళ్లు. ఏట్లో వరద నీరుంటుంది, కాలువ దానికంటే ఎత్తున పోతుంది. రెండూ కలవకుండా దాటించాలి. హేగ్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో, ఆనకట్ట పూర్తయిన వెంటనే, 49 కమానుల మీద ఏటికి అడ్డంగా కాలువను మోసే కట్టడం లేచింది. కింద నది, పైన కాలువ. అవతలి ఒడ్డు చేరిన ఆ నీళ్లే మామిడికుదురు, రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వరిచేలనూ కొబ్బరి తోటలనూ బతికించాయి. తర్వాతి కాలంలో పక్కనే కొత్త అక్విడెక్టు కట్టారు. 2000లో అందుబాటులోకి వచ్చిన దానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు.

ఆ పేరు అక్కడికి తగినది. సీతమ్మ (1841–1909) ఈ లంకల గన్నవరం కోడలు. రేవు దాటి వచ్చేవాళ్లు, వరదల్లో ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లు, బాటసారులు ఎవరు ఏ వేళకు తలుపు తట్టినా అన్నం పెట్టింది. కులం అడగలేదు, వేళ అడగలేదు. రాష్ట్ర ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజన పథకానికి ఇప్పుడు ఆమె పేరే ఉంది. కొత్త అక్విడెక్టు దగ్గర నిలబడితే పారే కాలువ ఒక ఎత్తున, ఏరు దానికి చాలా దిగువన ఒకేసారి కనిపిస్తాయి. కోనసీమ మొత్తాన్ని ఒక్క చోట నిలబడి అర్థం చేసుకోవాలంటే ఇంతకు మించిన చోటు లేదు. యాత్రల జాబితాల్లో దీనికి దొరుకుతున్న చోటు మాత్రం చాలా చిన్నది. మధ్యాహ్నం తర్వాత దగ్గర్లోని లంకల్లోకి వెళ్లి కూరగాయల పాదులు, అరటి, ఇసుక మేటల మధ్య పశువుల పాకలు చూసి రావచ్చు.

కొబ్బరి బజారు

నాలుగో రోజు అంబాజీపేట. కోనసీమ కొబ్బరి ధర తేలేది ఇక్కడే. పత్రికల్లో రోజూ వచ్చే ధరల పట్టిక కొత్తవాళ్లకు అంతుపట్టదు గానీ, ఒక కొట్టు ముందు గంట నిలబడితే చాలు. చెట్టు నుంచి దింపి డొక్క తీసిన కాయల్లో పచ్చికాయ కొత్తది, ముక్కుడుకాయ పాతది. డొక్క తీయకుండా అటకల మీద నెలల తరబడి నిల్వ ఉంచితే లోపలి నీరు ఇంకి, కొబ్బరి చిప్పను వదిలి గుండుగా ఆడుతుంది. అది కురిడీ. కురిడీలో పెద్ద సైజు గండేరా, దాని తర్వాతిది గటగట. వీటి లెక్క వేలల్లో, ఎండు కొబ్బరి లెక్క క్వింటాళ్లలో. దసరా, దీపావళికి ముందు ఉత్తరాది రాష్ట్రాల నుంచి గిరాకీ పెరుగుతుంది, లారీలు బారులు తీరతాయి. ఈ బజారు రెండు రకాల కార్మికుల మీద నడుస్తుంది. ఒకరు దింపు కార్మికులు, చెట్టెక్కేవాళ్లు. ఇంకొకరు వలుపు కార్మికులు, నేలలో నిలబెట్టిన గునపానికి కాయను పొడిచి, మెలితిప్పి, మూడు ఊపుల్లో డొక్క ఊడదీసేవాళ్లు. పని పొద్దస్తమానం సాగుతుంది. చెట్టెక్కేవాళ్లు కొత్తగా తయారవడం లేదన్నది ప్రతి రైతు నోటా వినపడే దిగులు. ఎక్కువ డబ్బిచ్చే పనులు వెతుక్కుని కుర్రాళ్లు పోతున్నప్పుడు వాళ్లను తప్పుపట్టడానికి లేదు. పక్కనే ఉన్న ఉద్యాన పరిశోధన స్థానంలో కొబ్బరి రకాల మీదా చీడల మీదా పని జరుగుతుంది. వ్యవసాయం మీద ఆసక్తి ఉన్నవాళ్లు ముందుగా అనుమతి తీసుకుని చూడాలి.

అంబాజీపేటలో పొద్దుటి టిఫిను పొట్టిక్కలు. పనసాకులను పుల్లలతో బుట్టలా కుట్టి, ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు విప్పగానే వచ్చే వాసనకే సగం ఆకలి తీరుతుంది. ఇదే రోజు పుల్లేటికుర్రు, బండార్లంక నేతగాళ్ల వీధుల్లోనూ తిరగొచ్చు. మగ్గాలు తగ్గిపోతున్నాయి. చీర కొనాలనుకునేవాళ్లు అక్కడే, నేసినవాళ్ల దగ్గర కొనాలి.

అమలాపురంలో హోటలు భోజనం బాగానే ఉంటుంది. అసలు వంట ఇళ్లల్లో ఉంది: ఆవ పెట్టిన పనసపొట్టు కూర, కంద బచ్చలి, శీతకాలంలో తేగలు, తాటిపండు రొట్టె, జున్ను. తెలిసిన ఇల్లొకటి ఉంటే మొహమాటపడకూడదు, అతిథి తినకపోతేనే ఇక్కడ నొచ్చుకుంటారు. దసరా తర్వాత గౌతమి మొగలో చీరమేను పడుతుంది. చీర గుడ్డలతో పట్టే నూలుపోగంత చేపపిల్లలివి, గిన్నెలతో కొలిచి అమ్ముతారు. దసరా రోజుల్లోనే వస్తే అమలాపురం వీధుల్లో చెడీ తాలింఖానా చూడొచ్చు. కర్ర, కత్తి తిప్పుతూ వాహనాల ముందు సాగే ఆ విద్యను వీధులవారీగా తరాల నుంచి నేర్చుకుంటున్నారు.

తూర్పు ఒడ్డు

ఐదో రోజు గౌతమి వైపు. అయినవిల్లి సిద్ధివినాయకుడికి పరీక్షలు రాసే పిల్లలు కలాలు పూజలో పెట్టించుకుంటారు. అక్కడి నుంచి ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కితే అవతలి ఒడ్డు కోటిపల్లి. ఆటోలు, బైకులు, పాల క్యాన్లు, పెళ్లివాళ్లు అందరూ ఒకే బల్లకట్టు మీద ఏరు దాటుతారు. ఏట్లో కట్టిన రైలు వంతెన స్తంభాలు దారిలోనే కనిపిస్తాయి. కోటిపల్లిలో సోమేశ్వరుడు, అక్కడికి కొద్ది దూరంలో పంచారామాల్లో ఒకటైన ద్రాక్షారామం. రెండంతస్తుల ఎత్తున ఉన్న భీమేశ్వర లింగానికి పై అంతస్తు నుంచి అభిషేకం చేస్తారు. తూర్పు చాళుక్యుల నాటి కట్టడం, గోడల నిండా శాసనాలు. మధ్యాహ్నానికి యానాం చేరుకోవచ్చు. 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉండి, ఇప్పుడు పుదుచ్చేరిలో భాగమైన ఊరది. మడ అడవులు చూడాలన్న కోరిక ఉంటే కాకినాడ దారిలో కోరింగ అభయారణ్యానికి ఇంకో పూట కేటాయించాలి. తొందరలో చూసేది కాదది.

తిరుగు దారి యానాం–ఎదుర్లంక వంతెన. లోక్‌సభ స్పీకరుగా ఉంటూ 2002 మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయిన జి.ఎం.సి. బాలయోగి పేరు దానిది. ఆయన ఊరు ఎదుర్లంకే. వంతెన వచ్చే ముందు కాకినాడ పోవాలంటే రేవులో గంటలు పడిగాపులు పడాల్సిందే. వంతెన దిగాక మురమళ్ల వస్తుంది. అక్కడ వీరేశ్వరస్వామికీ భద్రకాళికీ రోజూ సాయంత్రం కల్యాణం. చేయించుకోదలచినవాళ్లు చాలా ముందుగా నమోదు చేసుకోవాలి, చూసేవాళ్లకు ఆ ఇబ్బంది లేదు.

వైనతేయ దాటి

ఆరో రోజు బస మార్చే రోజు. బోడసకుర్రు–పాశర్లపూడి వంతెన మీదుగా వైనతేయ దాటాలి. పాశర్లపూడి పేరు దేశమంతా విన్నది 1995 జనవరి 8న. గ్యాస్ బావి పేలి మంట లేచింది. దాన్ని ఆర్పడానికి 65 రోజులు పట్టింది. కోనసీమ నేల కింద గ్యాసుంది, పైన దాని గొట్టాలున్నాయి. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో పైపులైను పేలి ప్రాణాలు పోయాయి. పచ్చదనం చూసి మురిసేవాళ్లు ఇక్కడి జనం ఆ భయంతోనూ బతుకుతున్నారని తెలుసుకోవాలి.

అప్పనపల్లి బాలబాలాజీ గుడి వైనతేయ ఒడ్డునే. దర్శనమయ్యాక అన్నప్రసాదం పెడతారు. ఆదుర్రులో ఇటుకలతో కట్టిన బౌద్ధ స్తూపం పునాదులున్నాయి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న ఈ చోటుకు వచ్చేవాళ్లు తక్కువ. సముద్రానికి ఇంత దగ్గరగా, ఏటి ఒడ్డున బౌద్ధులు ఎందుకు ఆగారో రేవులు చూశాక వేరే చెప్పనక్కర్లేదు. మామిడికుదురు కవి బోయి భీమన్న పుట్టిన ఊరు. రాజోలు, మలికిపురం వీధుల్లో ట్రావెల్ ఏజెన్సీల బోర్డులు ఎక్కువ. కువైట్, ఖతర్, మస్కట్, దుబాయ్ వెళ్లిన ఆడవాళ్ల సంపాదనతో లేచిన ఇళ్లు దారి పొడవునా ఉన్నాయి. మోరిలో జీడిపప్పు కొనుక్కోవచ్చు. తీరం వైపు కేశనపల్లి, శంకరగుప్తం పోతే తలలు రాలి మోళ్లుగా నిలిచిన కొబ్బరి చెట్లు కనిపిస్తాయి. మురుగు కాలువ గుండా సముద్రపు పోటు నీరు ఎగదన్ని తోటల్లో నిలిచిపోవడమే కారణం. ఎగువన తీపినీరు తెచ్చిన కాలువను చూసినవాళ్లు దిగువన ఉప్పునీరు తెస్తున్న ఈ డ్రెయిన్‌ను కూడా చూసి తీరాలి. రాత్రికి దిండి.

ఏడో రోజు అంతర్వేది. పశ్చిమానికి తిరిగి ఉన్న లక్ష్మీనరసింహస్వామి ఆలయాన్ని కోపనాతి కృష్ణమ్మ పూనికతో 1823లో పునర్నిర్మించారు. మాఘ శుద్ధ దశమి రాత్రి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం. 2020 సెప్టెంబరులో పాత రథం కాలిపోతే, కొత్తది చేయించి తర్వాతి ఏడాది కల్యాణానికే తిప్పారు. తీర్థం రోజుల్లో లక్షల జనం వస్తారు, గదుల మీద ఆశ పెట్టుకోకూడదు. గుడి నుంచి ముందుకు వెళ్తే వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు. అక్కడ ఇసుక లోతు ఉన్నట్టుండి మారిపోతుంది, ఏటి లాగుడు బలంగా ఉంటుంది. ఒడ్డున నిలబడి చూడాలి గానీ స్నానానికి లోపలికి దిగకూడదు.

ఇంటిదారికి మంచి మార్గం సఖినేటిపల్లి రేవు. పంటు మీద వశిష్ఠ దాటితే అవతల మాధవాయిపాలెం, అక్కడికి దగ్గర్లోనే నరసాపురం రైల్వే స్టేషను. హైదరాబాదు, విజయవాడ వైపు రైళ్లు అక్కడే బయల్దేరతాయి. వరదలకూ పెనుగాలికీ పంటు ఆపేస్తారు గనక బయల్దేరే ముందు రేవులో కనుక్కోవాలి. ఆగిపోయిందంటే దిండి మీదుగా చించినాడ వంతెన ఉంది. ఆ దారి చుట్టు, కాబట్టి రైలు వేళకు రెండు గంటలు ముందే అంతర్వేది నుంచి కదలాలి.